వెనక సీట్లో తడి

మొన్నటి వానలకు పక్కింటివాళ్ళ కారులోకి నీళ్ళు చేరాయి. తలుపులన్నీ తెరిచి ఎండలో ఆరబెట్టారు. ఆ బురద వాసన ముక్కుకు తగలగానే వాసుదేవరావు అంకుల్ గుర్తొచ్చారు. సిడ్నీ శివారు గిరావీన్‌లో మా వీధి చివరి ఇల్లు ఆయనది. జీవితమంతా చిన్న విమానాలు బాగుచేసిన మెకానిక్. నాకు పైలట్ లైసెన్సు వచ్చి, నాలుగు సీట్ల పాత విమానం కొనాలనుకున్నప్పుడు, చూసిపెట్టమని ఆయన్నే అడిగాను.

మూడింటిని చూసి వద్దన్నారు. నాలుగోదాని కోసం నేనూ, నా భార్య శ్రావణీ, ఆయనా సిడ్నీకి నాలుగు గంటల దూరంలోని ఊరికి వెళ్ళాం. మంచి ఎండ. హ్యాంగర్‌లో విమానం తెల్లగా మెరుస్తోంది. కొత్త రంగు, కొత్త సీట్లు, రిపేర్లన్నీ రాసిపెట్టే లాగ్ బుక్కుల్లో ఒక్క కొట్టివేత లేదు. మనసులో నేనప్పటికే కొనేశాను. అమ్మే పెద్దమనిషి టీ తేవడానికి లోపలికెళ్ళాడు.

శ్రావణి వెనక సీట్లో కూర్చుని వెంటనే లేచింది. "ఏవండీ, ఇక్కడ తడిగా ఉంది."

తడిమి చూశాను. పొడిగా, వెచ్చగా ఉంది. "ఏసీ కార్లోంచి దిగావు కదా, అలా అనిపిస్తుందిలే" అని నవ్వాను.

అంకుల్ నవ్వలేదు. "ఎక్కడమ్మా? వీపుకా, కాళ్ళకా?"

"మెడ దాకా అంకుల్" అంది. ఆమె చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

ఆయన టార్చి తీసి, వెనక సీటుకు పైన, పైకప్పు గుడ్డ అంచు వదులుగా ఉన్నచోట మెల్లగా తప్పించారు. లోపలి రేకు మీద ఎండిన బురద. అందులో నాలుగు వేళ్ళ గీతలు, తలుపు వైపుకు ఈడ్చినట్టు. నా వేళ్ళు పక్కన పెట్టి చూశాను. ఆ చెయ్యి నా చేతిలో సగం కూడా ఉండదు. అంకుల్ ఫోన్లో ఫోటోలు తీసుకున్నారు.

పెద్దమనిషి టీ కప్పులతో వచ్చాడు. అంకుల్ ఇంగ్లీషులో ఒక్కటే అడిగారు, ఇది వరదలో మునిగిందా అని.

అతను కప్పులు కింద పెట్టాడు. మా వైపు కాకుండా ఆ తలుపు వైపు చూస్తూ, "అందులో ఎవరికీ ఏమీ కాలేదు, మేట్" అన్నాడు.

ఆ సంగతి మేమెవరమూ అడగలేదు.

తిరిగొస్తూ కార్లో నేనే, "రిపేర్ చేసినవాళ్ళ చెయ్యి అయ్యుండొచ్చు కదా అంకుల్" అన్నాను.

"అయ్యుండొచ్చు బాబూ. నాకూ తెలీదు. బురద నీళ్ళు పడితే లోపల్లోపల తుప్పు తినేస్తుంది, అది మాత్రం తెలుసు. లాగ్ బుక్కులు నేనూ చూశాను, ఏం దొరకలేదు. అమ్మాయి చెప్పకపోతే ఆ గుడ్డ ముట్టుకునేవాణ్ణి కాదు." వెనక కూర్చున్న శ్రావణి వైపు తిరిగి అన్నారు. "ముందు కూర్చున్నోళ్ళం ఇంజిన్ సౌండే వింటాం. వెనకున్నోళ్ళ మాట వినం."

మర్నాడే అంకుల్ ఫోటోలతో సహా విమాన భద్రతా అధికారులకు రాశారు. వారంలో ఆ విమానం అమ్మకపు ప్రకటన మాయమైంది. విమానం ఏమైందో ఇప్పటికీ తెలియదు. ఆ గీతలెవరివో కూడా తెలియలేదు.

తర్వాతి ఏడాది రంగు వెలిసిన విమానమొకటి ఆయనే ఎంచి ఇప్పించారు. దాన్నే నడుపుతున్నాను. ఆయన పోయి రెండేళ్ళయింది. ఇంజిన్ స్టార్ట్ చేసేముందు వెనక్కి తిరిగి, "ఎలా ఉంది?" అని అడుగుతాను. ఒకసారి స్నేహితుడొకడు "ఏదోలా ఉంది రా" అంటే అందర్నీ దింపేశాను. వెతికితే ఏమీ దొరకలేదు. నేను సిగ్గుపడలేదు.

ఒక్కణ్ణే ఎగిరే రోజుల్లోనూ అడుగుతాను. ఖాళీ సీట్ల వైపు చూస్తూ కాసేపు వింటాను. ఆ తర్వాతే స్టార్ట్ చేస్తాను.