మాబూబీ వేళ్ల సంగతి

ఏళ్ల తరబడి దీన్ని కడుపులో దాచుకుని తిరుగుతున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

మదనపల్లెలో ఒక కీళ్ల డాక్టరు దగ్గర నర్సుగా ఉండేదాన్ని. రోగిని పిలిచేముందు నేను లోపలికి వెళ్లి వాళ్ల బాధలేమిటో ఆయనకు చెప్పాలి, అది అక్కడి పద్ధతి. మాబూబీ పుంగనూరు నుంచి బస్సులో వచ్చేది. పూలు కట్టి అమ్మే మనిషి. మగ డాక్టరు ముందు నోరు పెగిలేది కాదు, అన్నీ నాకే చెప్పుకునేది. ఆ రోజు వరండాలో నా చెయ్యి పట్టుకుంది.

“కీళ్ల వాపు ఒకటే కాదు సిస్టరమ్మా. తడి పూలు పట్టుకుంటే సాలు, వేళ్లు సున్నం మాదిరి తెల్లగయిపోతాండాయి. ముద్ద గొంతులో నిలబడిపోతాది. సారుకు ఇదంతా సెప్పమ్మా.”

“సెప్తాలే అక్కా, కూర్చో.”

లోపలికి వెళ్లి, “కీళ్ల నొప్పులు సార్, ఇంకేం లేవు” అన్నాను.

ఎందుకలా అన్నాను? అంతకుముందే ఆయన ఇంకొకరి విషయంలో “పురాణం వద్దు, జబ్బు చెప్పు” అని నా మీద విసుక్కున్నాడు. బయట జనం. నాకు ఆకలి. ఇవన్నీ నిజమే, కానీ సాకులే. చల్లటి తడిలో చేతులు నానితే ఎవరికైనా తెల్లబడవా, ఈమె గోరంత దాన్ని కొండంత చేస్తోంది అని లోలోపల నవ్వుకున్నాను. అదీ అసలు సంగతి.

ఆయన కీళ్లవాతం అన్నాడు. ఏళ్లపాటు అవే మాత్రలు. “సారుకు సెప్పినావు కదమ్మా?” అని అడిగినప్పుడల్లా తలూపాను. మొదటిది పొరపాటే అనుకున్నా, ఈ తలూపడాన్ని ఏమనాలి?

తర్వాత మాబూబీకి ఆయాసం మొదలైంది. కూతురు కుప్పం తీసుకెళ్లి ఒక డాక్టరమ్మకు చూపించింది. ఆమె మొట్టమొదట అడిగింది వేళ్ల గురించేనట. రెండు మూడు జబ్బులు ఒకే ఒంట్లో కలిసిపోయాయని, వాపు, తెల్లబడే వేళ్లు, దిగని ముద్ద అన్నీ ఒకచోట పెట్టి చూస్తేనే ఇది దొరుకుతుందని చెప్పిందట. అప్పటికే ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. ముందే తెలిసుంటే? ఎవరూ జవాబు చెప్పలేరు. నేను మాత్రం అడుగుతూనే ఉంటాను.

మొన్న కుప్పంలో కూతురింట్లో ఉందని తెలిసి చూడబోయాను. మాటమాటకూ ఆగి ఊపిరి తీసుకుంటోంది.

“నువ్వు సెప్పినా ఆ సారే పట్టించుకోల్యా” అంది.

ఆ నింద ఆయన మీదే ఉండనిచ్చాను. ఆమె వేళ్లు ఇప్పుడు వంగవు. కూతురి చేత మూర మల్లెలు కట్టించి నా తల్లో పెట్టించింది. తల వంచి పెట్టించుకున్నాను.

ఆమె చెప్పింది. నేనే చెప్పలేదు. ఆమెకు చెప్పాల్సిన ఈ మాట మీకు చెప్పాను. కాస్త ఊపిరాడుతోంది, నాకు.