అంబదాస్ మోసిన మాట

ఆ జిన్నింగు మిల్లులో పేరుకు మేస్త్రీయే గానీ, అంబదాస్ అసలు పని మాటలు మోయడం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక రాజమండ్రి నుంచి ఆదిలాబాదు వచ్చిన మేనేజరుకు పత్తి నుసి పడదు. గుమ్మంలో నిలబడే అరుస్తాడు. మిషన్ల హోరులో ఆ అరుపు లోపల పనిచేసే ఆడవాళ్లకు వినపడదు. అంబదాస్ మీసాల మీది దూది దులుపుకుంటూ, తిట్టును దారిలోనే తీపి చేసి అందిస్తాడు. "మొద్దులు" అన్న మాట లోపలికి చేరేసరికి "సాబు జర నిమ్మలంగ చెయ్యమంటుండు" అవుతుంది. ఒకనాడు మేనేజరు, "ఇలాగే చేస్తే అందర్నీ ఇంటికి పంపేస్తానని చెప్పు!" అని రంకెలేశాడు. అంబదాస్ పోయి, "మీరు అలిసిపోయిండ్రట. సాబు ఇండ్లకు పంపుతా అంటుండు" అన్నాడు. ఆడవాళ్లు సంబరంగా కొంగులు దులుపుకుని లేచారు.

బయట పత్తి బండ్లు బారులు తీరి ఉన్నాయి. మేనేజరుకు చెమటలు పట్టాయి. "ఏదో కోపంలో అన్నానయ్యా! వెళ్లొద్దని బతిమాలుతున్నానని చెప్పు!" మేస్త్రీ అయ్యాక మొదటిసారి, అంబదాస్ ఆ మాటను ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ ఆడవాళ్లలో ముందున్న గంగుబాయి నడుస్తూనే పకపకా నవ్వింది.

"గిది గూడ ఎప్పటి లెక్క నీ సొంత మాటే అన్నా! సాబు బతిమాలుడేంది?"