సంగనకల్లులో మౌనభోజనం

ఆ రోజుల్లో మా బళ్ళారి సీమలో ఆకలైతే తినేవాళ్ళు, ఆకలి లేకపోయినా ఎవరైనా పిలిచి పెడితే తినేవాళ్ళు, పెట్టే దిక్కు లేనివాళ్ళు నీళ్ళు తాగి పడుకునేవాళ్ళు. అన్నం ఎలా తినాలో నేర్పడానికి ప్రత్యేకంగా ఒక మనిషి కావాలని మాత్రం ఎవరికీ తోచలేదు. అలాంటి మనిషి ఒకాయన మా ఇంటికే వచ్చి తిష్ఠవేసి, చివరికి నా పెళ్ళిని కూడా నమిలి మింగబోయాడంటే మా మనవలు నమ్మరు. మీరైనా పెద్ద మనసు చేసుకుని నమ్మండి.

అప్పటికి నేను హైస్కూలు చదువు ముగించి ఒక పత్తి మిల్లు ఆఫీసులో గుమాస్తాగా చేరాను. మా జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసిన కొత్త. (ఆఫీసులో కన్నడంలో తిట్టి తెలుగులో ఓదార్చేవారు.) మకాం గాంధీనగర్‌లో మా మేనమామ ఇంట్లో. మామకు కప్పగల్లు దగ్గర మాగాణి, రెండు లారీలు, ఆ రెండు లారీలూ కలిసి మోయదగ్గ పొట్ట ఉండేవి. పెళ్ళి పంక్తిలో ఆయన పక్కన కూర్చున్నవాడు పప్పు కలుపుకునే లోపల ఆయన మజ్జిగలోకి దిగేవాడు. నమలడమనేది దేవుడు పశువులకు అప్పగించిన పని అని ఆయన నమ్మకం. భోజనమయ్యాక ఆయన తేన్పు వినబడితే, వీధి చివరి ఇంటివాళ్ళు "లారీలాయప్ప ఊట ముగిసినాది" అనుకునేవారు.

ఆ తేన్పులు గుండెల మీదికి ఎగదన్నడం మొదలయ్యాక మామకు ప్రాణభయం పట్టుకుంది. సరిగ్గా అదే సమయానికి ఊళ్ళో ప్రకృతి వైద్యం మీద ఉపన్యాసం ఇవ్వడానికి ఒకాయన వచ్చాడు. మామ ఆ ఉపన్యాసం విని, ఆయన్ను అక్కడి నుంచే జట్కా ఎక్కించి ఇంటికి తెచ్చేశాడు. ఖద్దరు బట్టలు, పండిన గడ్డం, సన్నటి చిరునవ్వు, అంత సన్నగా లేని నడుము. మేమాయనకు ఆకుల డాక్టరని పేరు పెట్టుకున్నాం. మిరపకాయ విషం, ఉప్పు శత్రువు, నూనె యముడి తమ్ముడు అని ఆయన సిద్ధాంతం. ఉడికించినది ఏదైనా శవంతో సమానం. (అత్త చేసే వంటను మొదటిసారి ఎవరో శవమన్నారు. ఆమె ముఖం నాకింకా గుర్తుంది.) అన్నిటికన్నా ముఖ్యం, కళ్ళు మూసుకుని, మౌనంగా, ఆ గింజ పుట్టిన చేనును తలుచుకుంటూ ముద్ద నోట్లో నీరయ్యేదాకా నమలాలి.

"పుట్టినప్పట్నుంచి నమలతానే ఉండాం గదప్పా, ఈయనేంది కొత్తగా నేర్పిచ్చేది?" అంది అత్త.

"నీకు తెల్దులే. ఇది సైన్సు," అన్నాడు మామ.

"సైన్సో గియిన్సో! కడుపు నిండినోళ్ళకే వచ్చేది ఈ రోగం. కప్పగల్లులో మన చేను కోసేటోళ్ళ కాడికి పొయ్యి చెప్పు, కండ్లు మూసుకోని నమలండి అని. కొడవలి ఇసరతారు."

మామ చెప్పడానికి వెళ్ళలేదు. ఆయన ఇంట్లోవాళ్ళను మాత్రమే సంస్కరించదగ్గ ధైర్యవంతుడు.

ఆ రోజు నుంచి మాకు పచ్చి పొట్లకాయ ముక్కలు, మొలకెత్తిన పెసలు, ఉప్పులేని సొరకాయ రసం. నేను తిరగబడ్డానని మీరు అనుకుంటే పొరపాటు. నేను మామకన్నా ముదిరిపోయాను. మిల్లులో తోటి గుమాస్తాలు మధ్యాహ్నం బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెప్పించుకుంటే, వాళ్ళ నెత్తిన నిలబడి ఆ బజ్జీ పేగుల్లో ఏమేం చేస్తుందో వర్ణించేవాణ్ణి. ముసలి హెడ్ గుమాస్తా ఓపిగ్గా విని, "సరేనప్పా, నీ వాటా ఇసం గూడా ఈడ పెట్టు, నేనే తిని సస్తా," అని నా బజ్జీ కూడా లాక్కునేవాడు. నేను జాలిగా నవ్వేవాణ్ణి. సాయంత్రం బజ్జీల బండి దాటేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టి నడిచేవాణ్ణి. నా చొక్కా కాలరులో ఇంకొక మెడ పట్టేంత జాగా ఏర్పడింది. దాన్ని ఆరోగ్యమని పిలిచేవాళ్ళం.

ఆ ఆరోగ్యంలోనే సంగనకల్లు నుంచి నాకు సంబంధం వచ్చింది. మంచి సేద్యగాళ్ళు, మర్యాద తెలిసినవాళ్ళు. ముందు మగవాళ్ళు వెళ్ళి చూసి రావాలన్నారు. మామ, నేను లారీ ఎక్కుతుంటే ఆకుల డాక్టరు కూడా ఎక్కాడు. అత్త గుమ్మంలో నిలబడి, "ఒరే నాయినా, ఆడన్నా మనుషుల మాదిరి తినండిరా," అని బతిమాలింది.

అమ్మాయిని చూపించారు. తలవంచుకుని కూర్చుంది, లేచి వెళ్ళింది. నాకు పాపిడి తప్ప ఏమీ కనబడలేదు. తర్వాత ముగ్గురికీ ఆకులు వేశారు. నెయ్యి ఓడుతున్న కందిపప్పు ఓళిగలు (బొబ్బట్లంటారు కొందరు), గుత్తొంకాయ, జొన్నరొట్టెలు, చెనిక్కాయల చట్నీ, బుట్టెడు మిరపకాయ బజ్జీలు. నా కడుపులో ఏదో జంతువు లేచి నిలబడింది. మామ మాత్రం చేతులు జోడించి, "మాది మౌనభోజనమప్పా. మధ్యలో మాట్లాడం. ఏమీ అనుకోవద్దు," అని కళ్ళు మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను. ఓళిగ తుంచి నోట్లో పెట్టుకుని, కందిచేనును తలుచుకుంటూ నమలసాగాను.

ఎంతసేపు నమిలామో తెలియదు. గోడవారగా కూర్చున్న వాళ్ళ అవ్వ గొంతు వినబడింది. "ఏందే, ఈళ్ళు నిద్దరబొయినారా ఏంది?"

"తింటాండారవ్వా," అని ఎవరో గుసగుసలాడారు.

"ఇదేం తినడమే! నాకు ఒక్క పన్ను లేకపాయె. నేనే ఇంతకన్నా బిరీన తింటా. పిల్లోనికి దవడలకేమన్నా జబ్బేమో అడగండప్పా."

లోపల కిసుక్కున నవ్వు. నా చెవులు కాలిపోయాయి. ఒక కన్ను కాస్త తెరిచాను. పక్క ఆకు ముందు మామ బ్రహ్మానందంలో నెమరు వేస్తున్నాడు. నాకు రెండోపక్క ఆకు ముందు ఆకుల డాక్టరు రెండు కళ్ళూ బాగా తెరుచుకుని, ఓళిగను నాలుగు మడతలు వేసి అలాగే లోపలికి తోస్తున్నాడు. మౌనవ్రతం చెడకుండా వేలితో ఇంకో రెండు వెయ్యమని సైగ చేస్తున్నాడు. బజ్జీల బుట్ట సగమైంది. నోరు తెరుచుకుని చూస్తుంటే, వంటింటి తలుపు పక్కన ఇంకో జత కళ్ళు కూడా అదే చూస్తున్నాయని తెలిసింది. ఆ అమ్మాయి! ఆమె నన్ను చూసింది, నా ఆకును చూసింది, గడ్డంతో డాక్టరు వైపు చూపించి, కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇంతలో ఆమె తండ్రి ఓర్పు అయిపోయింది. "ఏమప్పా, మా ఇంటి కూడు సయించలేదా? సంబంధం ఇష్టం లేకుంటే నోరిప్పి చెప్పండి. ఈ మాదిరి ఎగతాళి ఏంది?" అన్నాడు.

మామ కళ్ళు తెరవలేదు. మౌనం గనక, మందహాసంతో చెయ్యి అడ్డంగా ఊపాడు. ఇష్టం లేదన్నట్టే ఉంది ఆ ఊపు. పెద్దాయన ముఖం కందగడ్డయింది, భుజం మీది తుండు తీసి దులిపాడు. ఇక ఆయన లేచి నిలబడితే నా పెళ్ళి లేచిపోయినట్టే. నాకు ఏ చేనూ గుర్తుకు రాలేదు. నోట్లో ముద్ద ఉండగానే, "ఇంగో రెండు ఓళిగలు వెయ్యమనండి మామా! ఆ బజ్జీలు గూడా ఇట్ల తోయండి!" అని కేకపెట్టాను. పెళ్ళికి ముందే ఆ పెద్దాయన్ను మామా అనేసిన సంగతి తర్వాత తెలిసింది.

నా కేకకు మామ కళ్ళు తెరిచాడు. నా మీద మండిపడబోయి, నా పక్కనుంచి చూపు జారి డాక్టరు మీద పడింది. అదే క్షణాన డాక్టరు బజ్జీ గింజల దాకా కొరికాడు. కళ్ళలో నీళ్ళు, ముక్కులో నీళ్ళు, ఒకటే ఎక్కిళ్ళు. చెంబెడు నీళ్ళు తాగి, "విషం... ఎంత తీవ్రమో... పరీక్షిస్తున్నాను," అన్నాడు.

"బుట్టెడు ఇసం తిని శివుని మాదిరి కూసోనుండాడే! ఈయప్పకు మనం పెట్టేది కూడు గాదు, మొక్కు," అంది అవ్వ.

మామ డాక్టరు ఆకు నుంచి చూపు తిప్పుకున్నాడు. తర్వాత అవ్వ వైపు తిరిగి, "అమ్మా, నాగ్గూడా వెయ్యమనండి," అన్నాడు. ఆ తర్వాత మామ తిన్న తీరు చూసి పెద్దాయన కోపం కరిగి నీరైంది, ముద్దను తప్ప అన్నిటినీ నీరు చేయగల శక్తి మా మామకుంది.

తిరుగుదారిలో లారీలో ఎవరూ మాట్లాడలేదు. (మౌనం నిజంగా కుదిరింది ఆ రోజే.) మామ లారీని రైల్వేస్టేషను ముందు ఆపించాడు.

"సామీ, మీ ఊరి రైలుకు టైమయింది."

"ఏ ఊరు?" అన్నాడు డాక్టరు.

"ఏదైనా సరే."

అత్త మర్నాడే మామ పళ్ళేన్ని అటకెక్కించి, చిన్న కంచం తీసింది. వడ్డన తన చేతిలోనే పెట్టుకుంది. రెండోసారి కావాలంటే తాపీగా లోపలికి వెళ్ళి, తాపీగా వచ్చేది. ఆమె వచ్చేసరికి మామ ఆకలి సగం చల్లారేది. తేన్పులు తగ్గాయి, గుండె కుదుటపడింది. ఉపన్యాసం లేదు గనక దాన్ని ఎవరూ వైద్యమనలేదు.

సంగనకల్లు సంబంధమే ఖాయమైంది. ఆ రోజు నా తెగువ చూసి మెచ్చుకుని ఒప్పుకుందని చాలా ఏళ్ళు మురిసిపోయాను. ఒకసారి ఆ మాట పైకి అంటే మా ఆవిడ బియ్యం ఏరుతూ, తలెత్తకుండా, "తెగువేంది? పాపం, ఎన్నాళ్ళ పస్తో, పెట్టేవాళ్ళు లేనట్టుండాదే అనుకొన్యా," అంది.

కళ్ళు మూసుకుని, వేడి ఓళిగ ముందు పెట్టుకుని, కందిచేనును తలుచుకుంటున్న ఆ బక్క గుమాస్తాను ఇప్పుడు తలుచుకుంటే, వాడి చెవి మెలిపెట్టాలనీ, వాడి ఆకులో ఇంకాస్త నెయ్యి వంచాలనీ రెండూ ఒకేసారి అనిపిస్తాయి.