గేదె ఫారం మీద పిల్లులకి ఇన్సూరెన్సు

ఈ మధ్య గేదెలకి కూడా ఇన్సూరెన్సు వచ్చింది కదా, ఈ రోజు మా గేదెకి చేయడానికి ఏజెంటు, పశువుల డాక్టరు కలిసి వచ్చారు. డాక్టరు గేదె చెవికి బిళ్ల వేస్తుంటే, మా అత్తయ్య రెండు పిల్లి పిల్లల్ని చెంగులో పెట్టుకుని తెచ్చింది. ధాన్యం గదిలో ఎలుకల బాధ పడలేక కిందటి వారమే వాటిని వినగడప ఊరి నుంచి తెచ్చుకున్నాం. ఒకదానికి కళ్లు పుసికట్టాయి.

“వీటిక్కూడా రాయి నాయనా. జబ్బు చేస్తే మందుల ఖర్చు రావాలి,” అంది.

ఏజెంటు నవ్వకుండా రెండు ఫారాలు తీశాడు. “ఇది గేదెలదండి, ఇది మనుషులది. ఏది రాయమంటారు?”

గేదెల ఫారంలో, రోజుకి ఎన్ని లీటర్ల పాలిస్తుందని ఉంది.

“ఇవ్వదు, తాగుద్ది,” అంది అత్తయ్య.

మనుషుల ఫారంలో, తండ్రి ఏ జబ్బుతో పోయాడని ఉంది. ఆ తండ్రెవరో వినగడపలోనే ఎవరికీ తెలియదు.

“అసలు ఏ ఫారమైనా, పోయాకే డబ్బులొస్తాయండి. జబ్బుకి రావు,” అన్నాడు ఏజెంటు.

“నాక్కూడానా?”

“మీక్కూడానండి.”

అత్తయ్య గేదెనీ, పిల్లుల్నీ ఓసారి చూసి, లోపలికెళ్లి గ్లాసుడు మజ్జిగ తెచ్చి డాక్టరు చేతికిచ్చింది. ఆయన తాగి, మూతి తుడుచుకుని, సంచీలోంచి చుక్కల మందు తీసి పిల్లి కళ్లలో వేశాడు. ఎల్లుండి మళ్లీ వచ్చి చూస్తానన్నాడు కూడా.

ప్రస్తుతానికి మా తిరువూరులో దొరికే ఆరోగ్య బీమా ఇదొక్కటే. ప్రీమియం గ్లాసుడు మజ్జిగ. మీ ఊళ్లో ఇంతకంటే మంచిది ఉంటే చెప్పండి, అత్తయ్య తన మోకాళ్లకి కూడా చూస్తోంది.