బాబాయికి తొందర జబ్బు

మా బాబాయికి తొందరంటే ఏమిటో తెలియదు. మనిషి మొత్తం నిదానమే. పెళ్ళి చేసుకుందామా అని పిన్ని అడిగితే, బాగా ఆలోచించి మూడో వారంలో ఆవిడ ఎదురుపడినప్పుడు "సరే" అన్నారట. "ఏది సరే?" అందట పిన్ని. ఆవిడ అప్పటికి ఆశ వదిలేసుకుంది.

అలాంటి మనిషి బతుకుతెరువుకు గడియారాలు బాగుచేసే దుకాణం పెట్టారు. ఒక గాజుబల్ల, ఒక దీపం, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి మూడు కుర్చీలు. ఆయన అన్నగారి కూతుర్ని నేను. రెండేళ్ళుగా అక్కడ పని నేర్చుకుంటున్నాను. పట్టీలు మార్చడం, బ్యాటరీలు వేయడం వరకూ వచ్చాను. ఎక్కువమందికి బాబాయి చెప్పేది ఒకటే: "ఇంకో నాలుగు రోజులు పడుతుందండీ." కొందరి నాలుగు రోజులు ఏడాది దాటిపోయాయి.

"ఇంత పనితనం ఉండి ఈ నత్తనడకేమిటి బాబాయ్?" అని నేను విసుక్కునేదాన్ని.

"తొందరపెడితే గడియారం కంగారుపడుతుందే" అనేవారు.

ఉన్నట్టుండి ఒక నెలలో ఈ మనిషి మారిపోయారు. మెట్లు రెండేసి ఎక్కేస్తున్నారు. టీ పొగలు కక్కుతుండగానే తాగేస్తున్నారు. నేను ప్రశ్న సగం అడిగేసరికి జవాబు సగం చెప్పేస్తున్నారు. కంచం ముందు కూర్చుంటే ఇద్దరి తిండి తింటున్నారు, అయినా ప్యాంటు నడుము దగ్గర నిలవడం లేదు. మేం దుప్పట్లు వెతుక్కుంటుంటే ఆయన ఫ్యాను కింద చెమటలు తుడుచుకుంటున్నారు.

పిన్ని మొదటి వారం సంబరపడింది. రెండో వారానికి ఆ సంబరం కాస్తా దిగులైంది.

మూడో వారం ఆయన పట్టకారులోంచి ఆవగింజలో సగముండే మరమేకు ఒకటి ఎగిరిపోయింది. ఇద్దరం నేలమీద పాకి వెతికాం. దొరికింది గానీ, దాన్ని నా అరచేతిలోంచి అందుకోబోతే ఆయన వేళ్ళు వణికిపోతున్నాయి. ఆయనా చూశారు, నేనూ చూశాను. ఆ సాయంత్రమే పిన్నీ నేనూ ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాం.

డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితాలు చూసి, "మీ మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి చేయాల్సినదానికంటే ఎక్కువ పనిచేస్తోందండీ. ఈ గుండెదడ, వణుకు, బరువు తగ్గడం అన్నీ దానివల్లే" అంది.

"నా ఒంట్లోనా?" అన్నారు బాబాయి. "ఎక్కువ పనా?"

"ఇంకోసారి చూడండమ్మా" అంది పిన్ని. "ఆ రక్తం ఇంకెవరిదో అయ్యుంటుంది."

డాక్టరమ్మ నవ్వింది. మేం నవ్వలేకపోయాం. మాత్రలతో అదుపులోకి వస్తుందట. వణుకు తగ్గేదాకా సన్నపని ముట్టుకోకూడదట. ఈ మాత్రలు ఎప్పుడో ఎవరికో పడవు కాబట్టి, జ్వరం గానీ గొంతునొప్పి గానీ వస్తే మాత్ర ఆపేసి ఆ రోజే పరుగెత్తుకు రావాలట.

"చేతులు మళ్ళీ కుదురుతాయా అండీ?" అన్నారు బాబాయి.

"చాలామందికి కుదురుతాయి."

దారి పొడుగునా ఆయన ఆ ఒక్క మాట పట్టుకుని వేలాడారు. "చాలామందికి అందంటే అందరికీ కాదన్నమాట. మిగతావాళ్ళు ఏం పని చేసుకుంటారో అడగాల్సింది."

ఇంట్లో భయం మాతోపాటు కాపురం పెట్టింది. బాబాయి బల్లమీద నాలుగు గడియారాలు పెట్టుకుని నాడి లెక్కపెట్టుకునేవారు. ఒకదాని ప్రకారం నూట పద్దెనిమిది వస్తే, అది తేడాగా నడుస్తోందేమోనని రెండోదాంతో మొదలుపెట్టేవారు. ఈ కంగారుకి నాలుగోదాని దగ్గరకొచ్చేసరికి నూట ఇరవై ఆరు. గడియారాల పనిలో కంటికి బిగించుకునే భూతద్దం రోజూ పొద్దున్నే నాకిచ్చి నోరు తెరిచేవారు.

"గొంతు ఎర్రగా ఉందా?"

"గొంతు ఎర్రగానే ఉంటుంది బాబాయ్."

"నిన్నటికంటేనా?"

నిన్న ఎంత ఎర్రగా ఉందో నాకేం గుర్తు? అయినా బెంగతో ఇంకోసారి చూసేదాన్ని.

ఇక దుకాణం నా నెత్తిన పడింది. "ఇంకో నాలుగు రోజులు" బాపతు గడియారాలు సొరుగులో పదకొండున్నాయి. వాటిని నేనేం బాగుచేయగలను? దేవుడా అనుకుంటూ ఒకటి విప్పాను. లోపల ఏ లోపమూ లేదు. తాళం తిప్పితే టిక్కుటిక్కుమంటూ నడిచింది. రెండోది విప్పాను. బ్యాటరీ ఒక్కటే లేదు. వేస్తే అదీ నడిచింది. సాయంత్రానికి తేలిందేమిటంటే, పదకొండింట్లో తొమ్మిది ఎప్పుడో బాగైపోయాయి!

పని చేసి, ఆ సంగతి చెప్పడానికి కూడా బద్ధకించారన్నమాట. నేను ఉత్సాహంగా తొమ్మిదిమందికీ ఫోన్లు కొట్టాను.

ముందుగా రిటైరైన పోస్టుమాన్‌గారొచ్చారు. రోజూ వచ్చి, గడియారం సంగతి అడిగి, గంట కూర్చుని వెళ్ళే మనిషి.

"అయిపోయిందా?" అన్నారు.

"అయిపోయిందండీ."

"ఇంకేమీ లేదా? నాలుగు రోజులుంచి చూస్తే మంచిదేమోనమ్మా."

"అక్కర్లేదండీ, నిక్షేపంలా నడుస్తోంది."

ఆయన గడియారం చేతికి పెట్టుకుని, కుర్చీవైపు ఒకసారి చూసి వెళ్ళిపోయారు. మిగతావాళ్ళూ అంతే, ఒక్కరి మొహంలోనూ వెలుగు లేదు. వారం తిరిగేసరికి మూడు కుర్చీలూ ఖాళీ.

నా ఘనకార్యం బాబాయికి చెప్పాను. పుట్టి బుద్ధెరిగాక ఆయన అరవడం అప్పుడే విన్నాను.

"ఎవర్నడిగి ఇచ్చేశావే?"

"బాగైపోయాయి కదా బాబాయ్!"

"బాగైపోయాయని నాకు తెలీదా? ఆ పోస్టుమాన్‌గారికి భార్య పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేదు. ఊరికే వచ్చి కూర్చోండంటే మొహమాటపడతాడు. వస్తువు మన దగ్గరుంటే, దాన్ని అడగడానికైనా వస్తాడు. అందరిదీ అదే కథ. కావాలన్నవాళ్ళకి ఎప్పుడైనా ఆలస్యం చేశానా? ఇప్పుడు వీళ్ళు ఏ వంక పెట్టుకుని వస్తారు?"

పిన్ని పరుగున వచ్చి ఆయన నాడి పట్టుకుంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నాడి కాస్త దిగాక ఆయనే మెల్లగా అన్నారు. "నా చేతులు కుదరకపోతే కొట్టు నువ్వు నడుపుతావు. పని వస్తుంది నీకు, ఆ బెంగ లేదు. నా భయమల్లా నువ్వు మరీ చురుకైనదానివనే."

మాత్రలు మొదలుపెట్టిన ఏడో వారానికి నాడి నెమ్మదించింది. వేళ్ళు చాలావరకు నిలిచాయి. మాత్రలు ఇంకా చాలా నెలలుంటాయి, పరీక్షలూ ఉంటాయి. రోజుకో గంట పని చేసుకోవచ్చంది డాక్టరమ్మ. ఆయన దుకాణానికొచ్చి పట్టకారుతో మర పట్టుకుంటే నేను చేతిలో పని ఆపి చూశాను. రెండుసార్లు తప్పింది. మూడోసారి కూర్చుంది. ఏడుపొచ్చినంత పనైంది నాకు.

సరిగ్గా అప్పుడే పోస్టుమాన్‌గారు లోపలికొచ్చి, బాబాయిని చూసి ఆగిపోయి, గడియారం నా ముందు పెట్టారు.

"పొద్దున ఆగిపోయిందమ్మా."

వెనకమూత మీద చాకుతో గీరిన గీతలు కొత్తగా మెరుస్తున్నాయి. విప్పి చూస్తే లోపల బ్యాటరీ లేదు. పోస్టుమాన్‌గారు గోడవైపు చూస్తున్నారు. నేను మూత నెమ్మదిగా పెట్టేశాను.

"ఇది చాలా పెద్ద పనండీ" అన్నాను. "ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేను."

"పోనీలేమ్మా, నాకేం తొందర?" అంటూ ఆయన గబగబా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"పిల్లకి పని పట్టుబడింది" అన్నారు బాబాయి, మరమీంచి కళ్ళెత్తకుండా.