నేను కొట్టేసిన ‘ఎన్’

మా బడిలో ఇంగ్లీషు మీడియం మొదలైన ఏడాది నాకు నలభై నాలుగేళ్లు. అప్పటికి పందొమ్మిదేళ్లుగా తెలుగులోనే పాఠాలు చెబుతున్నాను. పుట్టి పెరిగింది కోదాడలో. బడి చదువూ, టీచర్ ట్రైనింగూ అన్నీ తెలుగులోనే. ఆ ఎండాకాలం మమ్మల్ని కూర్చోబెట్టి కొన్ని రోజులు శిక్షణ ఇచ్చారు. ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషు అచ్చు వేసిన పుస్తకాలు చేతిలో పెట్టి, ఇక చెప్పండి అన్నారు. చెప్పడం మొదలుపెట్టాను.

బడి చివ్వెంల దాటాక ఒక చిన్న ఊళ్లో ఉంది. నేనుండేది సూర్యాపేటలో. పొద్దున బస్సు, ఆ తర్వాత ఆటో. ఐదు తరగతులకు ఇద్దరం టీచర్లం. హెడ్మాస్టరు సారు మంచివాడే కాని, ఆయనకు మీటింగులు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఫోన్లో ఫొటోలు ఎక్కించడం, వీటితోనే సరిపోయేది. ఒక గదిలో మూడు తరగతులు పెట్టుకుని, ఒకటో తరగతికి అక్షరాలు దిద్దమని చెప్పి, నాలుగుకు ఇంగ్లీషు చెబుతుంటే మూడో తరగతి వాళ్లు కొట్టుకునేవాళ్లు. సాయంత్రానికి గొంతు పోయేది. ఇంటికి వెళ్లాక మా ఆయన ఏదైనా అడిగితే చేత్తోనే సైగ చేసేదాన్ని.

ఇంగ్లీషు మీడియం వచ్చిన మూడో ఏడాది నాలుగో తరగతిలో ఒక పాప ఉండేది. బక్కగా ఉండేది, ఎప్పుడూ ముందు వరసలో కూర్చునేది. వాళ్ల నాన్న వేరేవాళ్ల ట్రాక్టరు నడిపేవాడు. అమ్మ నాట్లకు, పత్తి ఏరడానికి వెళ్లేది. మా దగ్గర నాలుగో తరగతి పిల్లలు గురుకులంలో సీటు కోసం ఎంట్రెన్స్ రాస్తారు. వస్తే ఐదు నుంచి చదువు, తిండి, ఉండడం అన్నీ అక్కడే. వాళ్లమ్మ ఒకరోజు పొలం నుంచి అట్లాగే, కాళ్లకు బురదతోనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

“మేడం, మా పిల్లను ఎట్లనన్న జేసి గురుకులంల పడెయ్యాలె. మా తోని అయితె కాదు. మీరే సూడాలె.”

“చూద్దాం అమ్మా, పిల్ల బాగానే చదువుతుంది,” అన్నాను.

ఆ పాపతో పాటు ఇంకో ముగ్గురిని బడి వదిలాక కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టాను. నా ఆటో వచ్చేదాకా ఒక ముప్పావు గంట. లెక్కలు ఫరవాలేదు. ఇంగ్లీషు దగ్గరే నాకు కష్టమయ్యేది. ‘హి గోస్’ అంటాం కదా, మరి ‘డజ్ హి గో’ అన్నప్పుడు ఆ ‘ఎస్’ ఎటు పోయింది అని అడిగేవాళ్లు. ఒక పాదం ఫుట్ అయితే రెండు పాదాలు ఫీట్ ఎందుకయ్యాయి అని అడిగేవాళ్లు. రూల్ అట్లా ఉంది, గుర్తుపెట్టుకోండి అనేదాన్ని. నాకు మా సార్లు చెప్పిందీ అదే.

‘ఎ’ ఎక్కడ పెట్టాలి, ‘యాన్’ ఎక్కడ పెట్టాలి అనేది మాత్రం నాకు ధైర్యంగా చెప్పగలిగిన పాఠం. ఎ, ఈ, ఐ, ఓ, యూ. ఈ ఐదు అక్షరాలతో మొదలైతే యాన్, లేకపోతే ఎ. చప్పట్లు కొట్టిస్తూ పాటలాగా చెప్పించేదాన్ని. యాన్ ఆపిల్, యాన్ ఎగ్. ఇరవై ఏళ్లకు పైగా అట్లాగే చెప్పించాను.

ఒక సాయంత్రం ఖాళీలు పూరించమని పది వాక్యాలు ఇచ్చాను. నలుగురి నోటుబుక్కులూ దిద్దుతున్నాను. ఆ పాప గంట అనే అర్థం వచ్చే ‘అవర్’ (hour) ముందు ‘యాన్’ అని రాసింది. ‘ఎన్’ మీద ఎర్ర గీత పెట్టి కొట్టేశాను.

“మేడం, అది తప్పా?”

“హెచ్ తోటి మొదలైంది కదా. హెచ్ మన ఐదు అక్షరాల్లో ఉందా?”

“లేదు మేడం. గని మీరు సదివినప్పుడు ‘అవర్’ అని సదివిన్రు. నోట్లె ‘అ’ అనే వస్తది గద. ‘ఎ అవర్’ అంటె నాలుక ఆగుతున్నది మేడం. ‘యాన్ అవర్’ అంటె మంచిగ పోతున్నది.”

రెండుసార్లు అని చూపించింది కూడా. మిగతా ముగ్గురూ అని చూసి నవ్వారు. బయట ఆటో హారన్ కొడుతున్నాడు. ఆరోజు పొద్దుటి నుంచి తల నొప్పి. ఒక్క నిమిషం ఆగి నేనూ అని చూసుంటే తెలిసేది. ఆగలేదు.

“నాలుక సంగతి కాదు, రూల్ సంగతి చూడు. రూల్ అంటే రూలే. పరీక్షలో ఇట్లా ఎదురు ప్రశ్నలు వేస్తూ కూర్చుంటావా?” అన్నాను.

పాప నేను దిద్దినట్టే కింద మూడుసార్లు రాసింది.

ఎంట్రెన్స్ సూర్యాపేటలోనే పడింది. మర్నాడు పిల్లలు ప్రశ్నపత్రాలు తెచ్చారు. టీచర్ల వాట్సాప్ గ్రూపులో అప్పటికే ఎవరో జవాబులు పెట్టారు. ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తున్నాను. ఇంగ్లీషులో ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ‘అవర్’ ముందు ఏది రావాలి? గ్రూపులో జవాబు ‘యాన్’ అని ఉంది. పాప ‘ఎ’కు టిక్కు పెట్టుకుని వచ్చింది.

జవాబు పెట్టినవాళ్లే పొరబడి ఉంటారనుకున్నాను. అట్లాగే అనుకోవాలని ఉండింది. ఇంటర్వెల్లో చెట్టు కిందికి వెళ్లి మిర్యాలగూడలో ఉన్న నా స్నేహితురాలికి ఫోన్ చేశాను. ట్రైనింగులో నాతో ఒకే గదిలో ఉండేది. ఇప్పుడు అక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతుంది.

“ఏమే, ఇంగ్లీషులో ‘అవర్’కు ముందు ‘ఎ’నా, ‘యాన్’నా?”

“యాన్. హెచ్ పలకదుగా. చూడాల్సింది అక్షరాన్ని కాదే, నోట్లో వచ్చే శబ్దాన్ని.”

“మరి యూనివర్సిటీకి?”

“దానికి ‘ఎ’. యూ అక్షరమే కాని ‘య’ అని పలుకుతాం కదా.”

“అయితే ఆ ఐదక్షరాల పాట...”

నా మాట మధ్యలోనే తను అందుకుంది. “ఆ పాట నేనూ పాడించానే. ఇక్కడ చేరిన ఏడాది ఒక పిల్లాడి తల్లి డైరీలో రాసి పంపింది, మేడం గారు ఒకసారి చూసుకోండి అని. స్టాఫ్ రూంలో అందరి ముందూ చదివారు. ఆరోజు తెలిసింది నాకు. ఇప్పుడేమైంది?”

ఏం లేదు, ఊరికే అడిగాను అని ఫోన్ పెట్టేశాను.

గదిలోకి వచ్చి పాప నోటుబుక్కు తీసి చూశాను. ఎన్ మీద నా ఎర్ర గీత, కింద మూడుసార్లు రాసిన తప్పు. తెలుగులో రాసిందే పలుకుతాం, పలికిందే రాస్తాం. ఆ పిల్ల అదే నమ్మకంతో చెవి చెప్పిన మాట విన్నది. దాన్ని మాన్పించింది నేను. ఆరోజు పిల్లకు చెప్పాలనుకున్నాను. ఫలితాలు వచ్చాక చెబుదాం, సీటు వస్తే గొడవే లేదు కదా అనుకుని ఊరుకున్నాను.

సీటు రాలేదు. మొదటి లిస్టులో లేదు, రెండో లిస్టులోనూ లేదు. బడి తెరిచిన వారానికి వాళ్లమ్మ వచ్చింది. ఈసారి గుమ్మం దగ్గర ఆగకుండా లోపలికి వచ్చి నేల మీద కూర్చుంది.

“ఆన్‌లైన్ సెంటరు పిలగాడు సూసి చెప్పిండు మేడం. కొంచెంల పోయిందట. ఒకటో రెండో మార్కులట. మా పిల్ల రోజూ ఏడుస్తున్నది. ఇంగ ఏం మిస్టేక్ జేసిందో మీరన్న సూడుర్రి.”

ఆ పిలగాడి మాట ఎంత నిజమో నాకు తెలియదు. ఒక్క మార్కుతోనే పోయిందని ఎవరూ చెప్పలేరు. అట్లా అని నాకు నేను చెప్పుకుంటూ ఆమె ముఖం చూశాను. ఇక దాచలేకపోయాను.

“ఒక ప్రశ్న మాత్రం నా వల్ల తప్పు పోయింది అమ్మా. పిల్ల మొదట సరిగ్గానే రాసింది. నేనే తప్పని దిద్దాను. నాకే సరిగ్గా తెలియదు.”

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. చాలాసేపు కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

“మీకే తెల్వకపోతె మాకేం తెలుస్తది మేడం,” అంది. కోపంగా అనలేదు. లేచి, పొద్దు పోతున్నదంటూ వెళ్లిపోయింది.

మర్నాడు క్లాసులో బోర్డు మీద ‘యాన్ అవర్’, ‘ఎ యూనివర్సిటీ’ అని రాసి, నేను ఇన్నాళ్లూ తప్పు చెప్పానని పిల్లలకు చెప్పాను. పాప ఐదో తరగతిలో ఉంది. ఆమె వైపు తిరిగి, “నువ్వు చెప్పిందే కరెక్టు,” అన్నాను. సంతోషపడుతుందనుకున్నాను. తల దించుకుంది. పక్కనున్న పిల్ల మోచేత్తో పొడిచి, “అగో, మేడమే తప్పంట!” అంటే కూడా నవ్వలేదు.

ఆ ఏడాదంతా ఆ పిల్ల నా ఎదురుగానే కూర్చుంది. కొత్త పాఠం మొదలుపెట్టగానే తల ఎత్తి చూసేది. ఒకసారి ఏదో చెబుతుంటే మెల్లగా, “మేడం, గిది ఫోన్ల సూసి చెప్పుర్రి,” అంది. ఎగతాళి లేదు ఆ మాటలో, భయం ఉంది. అప్పటి నుంచి బస్సులో పాఠాలన్నీ ముందే చూసుకుంటున్నాను. కిటికీ పక్క సీటు దొరికితే కునుకు తీసే అలవాటు పోయింది.

మళ్లీ గురుకులంలో పై తరగతి ఖాళీ సీట్లకు పరీక్ష పెట్టినప్పుడు రాయించమని అడిగాను. వాళ్లమ్మ ఒప్పుకోలేదు. “వద్దు మేడం, పిల్ల మల్ల పరేషాన్ అయితది,” అంది. పాప ఐదు పూర్తిచేసి చివ్వెంల హైస్కూలుకు వెళ్లింది. అప్పుడప్పుడు పొద్దున ఆటో దిగేటప్పుడు కనిపిస్తుంది, బస్సు కోసం నిలబడి. గుడ్ మార్నింగ్ మేడం అంటుంది. మార్కులు బాగానే వస్తున్నాయట. నేను ఇంకేదో అడగాలనుకుంటాను, ఈలోగా బస్సు వస్తుంది.

మొన్న మూడో తరగతి పిల్లవాడొకడు అడిగాడు, షీప్ ఒకటైనా షీప్, వందైనా షీప్ ఎందుకని. నాకు తెలియదు, తెలుసుకుని చెబుతాను అన్నాను. “మేడంకు తెల్వదంట!” అని గదంతా గోల చేశారు. అరిచే ఓపిక లేక కుర్చీలో కూర్చుండిపోయాను. వాళ్లే కాసేపటికి ఊరుకున్నారు.