చప్పుడు లేకుండా దిగిన పిల్ల

మా అత్తగారింట్లో అందరూ చెప్పేది ఒకటే: నా బిడ్డ దుముకుడంతా తాత రక్తమట, తాటిచెట్లెక్కిన వంశమట. ఒట్టి మాట. మా మామ చెట్టెక్కే మోకును అటక మీద పడేసి, కోరుట్లలో కిరాణా కొట్టు పెట్టిన తర్వాత పుట్టిన పిల్ల అది. తాటిచెట్టును బస్సు కిటికీలోంచి చూడడమే తప్ప దగ్గరికి పోయింది లేదు. రక్తమే నేర్పేదైతే, ఆ రక్తమే ఉన్న మా ఆయన స్టూలెక్కి బల్బు మార్చడానికి ఎందుకు వణుకుతాడు?

అది నేర్చుకున్నది సిరిసిల్లలో, మా అక్క ఇంట్లో. పక్క గదిలోనే బట్ట నేసే సాంచాలు. ఆ మోతలో అక్క మనవడు హాయిగా నిద్రపోతాడు. కరెంటు పోయి సాంచాలు ఆగితేనే కదులుతాడు. అప్పుడు గిన్నె పడ్డా లేచి ఏడుపు. అందుకే కరెంటు పోగానే పిల్లలది ఒకటే ఆట: నూలు మూటల మీంచి వినబడకుండా దూకాలి. చప్పుడు చేసినవాళ్లు ఉయ్యాల ఊపాలి. ఊపే పని తప్పించుకోవడానికి నా బిడ్డ వేసవి సెలవులన్నీ దూకి దూకి, మోకాలు ఎంత వంచాలో, మడమ ఎప్పుడు ఆనించాలో తన ఒంటికి తానే నేర్పుకుంది.

పోయిన ఏడు క్రీడా పాఠశాల ఎంపికలకు జగిత్యాల తీసుకుపోయాను. నాలుగో తరగతి పిల్లలకే అవకాశం. సీటు వచ్చేసినట్టే మా వాడకట్టంతా చెప్పుకుని వచ్చింది అది.

నిలబడి దూకే పరీక్షలో దీని ముందు ఒక పొడుగు పిల్ల దూకింది. మోకాళ్లు రెండూ లోపలికి ఒరిగి, తూలి, చేతులు ముందుకు ఆనించింది. నా బిడ్డ దానికి జానెడు ఇవతల దిగింది. దుమ్ము కూడా లేవలేదు.

"తక్కువైందమ్మా," అన్నాడు టేపు పట్టుకున్న సారు.

"ఎట్ల దిగిందో చూసిండ్రా సారూ?"

"చూసిన. మస్తు దిగింది."

"మరి గదానికి మార్కుల్లేవా?"

"ఎంత దూరం పడ్డదన్నదే లెక్కమ్మా."

చెడ్డవాడేం కాదు. ఒంటికాలి మీద దూకి ఆగమన్నాడు. అది దూకి, నాటినట్టు నిలబడింది. "గీ అదుపు పెద్ద పిల్లలకు నేర్పనీకె మాకు ఏండ్లు పడ్తది. లేకుంటే మోకాళ్లు పోతయ్," అని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, తర్వాతి పిల్లను పిలిచాడు. సీటు రాలేదు.

తిరుగు బస్సులో అది అడిగింది: "అమ్మా, పొడుగైనంక మళ్ల పిలుస్తరా?"

"పిలువరు బిడ్డా. నాలుగో తరగతి దాటినంక తీస్కోరు."

ఇంటికి రాగానే మా అత్త, "తాత రక్తం జర తక్కువ పడ్డదేమో," అంది. ఆమెకు నేను చెప్పిన జవాబు ఇక్కడ రాయను.

ఆ సారు మళ్లీ కనబడితే అడగాల్సింది మాత్రం ఇంకా ఉంది. మీకు ఏండ్లు పట్టే పనిని ముందే చేసుకొచ్చిన పిల్లను, వయసుతో దానంతట అదే వచ్చే పొడుగు లేదని ఎందుకు వెనక్కి పంపారు?